గోడ మీద మావయ్య తాళం

ఈ రోజు రాజాంలో మా అత్త సంగీతం పాఠాన్ని వీడియో తీయడానికి వెళ్లాను. తీరా చూస్తే లైటు ముందు కట్టే తెల్లగుడ్డ ఇంట్లోనే మరిచిపోయాను. అది లేకపోతే వెలుగు కరుకుగా పడుతుంది, నీడలు గీత గీసినట్టు గోడకెక్కుతాయి. చేసేదేమీ లేక ఒట్టి లైటునే పక్క నుంచి వేసి తీసేశాను.

గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి రిటైరైన మావయ్య ఎప్పటిలాగే అత్తకు ఓ పక్కగా కూర్చుని తాళం వేశారు. కెమెరాలో పడకూడదని, పాపం, బాగా దూరం జరిగే కూర్చున్నారు.

అయ్యాక అత్తకు చూపించాను. తన మొహం చూసుకోలేదు. వెనక గోడ మీద ఆడుతున్న మావయ్య చేతి నీడనే చూస్తోంది. చెయ్యి తిప్పాల్సిన చోట ఆ నీడ దెబ్బ వేస్తోంది, దెబ్బ వెయ్యాల్సిన చోట తిప్పుతోంది.

“ఏటండీ, పెళ్లైన కాడి నుంచి ఇలాగే ఏస్తన్నారా?”

“తాళం కాదే అది. దోమల్ని కొడతన్నాను.”

“మరి మద్దిలో ఏళ్ల మీద లెక్కెట్టారు, సచ్చిన దోమల్నా?”

గుడ్డ తెచ్చి రేపు మళ్లీ తీస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. తాళం ఎలా వెయ్యకూడదో కూడా పిల్లలకు తెలియాలట.

మీరైతే ఆ నీడ ఉంచుతారా, తీసేస్తారా? కాస్త త్వరగా చెప్పండి. మావయ్య ఇప్పుడే ఫోన్ చేసి, పొగలొచ్చే దోమల కాయిల్ మీద ఒక షాట్ తీసి వీడియో మొదట్లో కలపమన్నారు.