ఇరవై రెండో మనిషి నీళ్లు

పోయినవేమిటో ముందు చెబుతాను. ఆరేళ్ల ఆదివారాలు. ఐదు నోటుపుస్తకాల కథ. సముద్రం మధ్యలో నిలిచిపోయిన ఒక తెరచాప ఓడ, అందులో ఇరవై ఒక్క మంది. మా ఇంటికి మా బావమరిది రాకపోకలు. పదకొండు చింతపిక్కలు.

చివరిది చదివి నవ్వొస్తే నవ్వండి. దెయ్యమనీ గాలి అనీ ఎవరైనా అంటే నేనూ అలాగే నవ్వేవాణ్ని. గరివిడిలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల తూకం రాసే పని నాది. చదువు ఎనిమిదితో ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. తూకంలో తేడా వస్తే కాటానో మనిషినో అనుమానించాలి, మూడోది ఉండదు అనుకునేవాణ్ని.

2012లో ఒక ఇంజినీరు బదిలీ మీద వెళ్తూ ఒక అట్టపెట్టె వదిలేశాడు. అందులో నాలుగు ముఖాల నుంచి ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలు, ఒక ఇంగ్లీషు పుస్తకం. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను. ఒకరు కథ నడపాలి. మిగిలినవాళ్లు కథలో తలా ఒక మనిషై, ఏం చేస్తారో చెప్పాలి. చేసింది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ వారం వారం సాగుతూనే ఉంటుంది. పుస్తకంలోని రాక్షసులను తీసేసి, కళింగపట్నం రేవు నుంచి బయలుదేరే ఓడను పెట్టాను.

నడిపేది నేను. ఆడేది ముగ్గురు: మా ఆవిడ వరాలు, ఆమె తమ్ముడు సింహాచలం, చేపలమ్మే ఎర్రయ్య. ఆదివారం భోజనాలయ్యాక కూర్చునేవాళ్లం. చుక్కాని వరాలుది. తుఫానులో పాచిక ఇరవై పడితే ఆమె కేక వీధి చివరిదాకా వినబడేది. సింహాచలం ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారి. ఈ ఆట కోసమే ప్యాసింజర్‌లో వచ్చి వెళ్లేవాడు.

2018లో ఓడ పెద్ద ప్రయాణం మొదలుపెట్టింది. ముప్పై రోజుల దారి. మనిషికి రోజు నీళ్లకు ఒక చింతపిక్క చొప్పున, ఆడే ముగ్గురి మనుషులూ మిగతా నావికులూ కలిపి ఇరవై ఒక్క మందికి 630 పిక్కలు రేకు డబ్బాలో పోశాను. ఒక ఆదివారం ఆడితే ఓడలో ఒక రోజు గడిచినట్టు. ఆట చివర ఇరవై ఒక్క పిక్కలు తీసి సంచిలో వేస్తాను. ఓడ రేవు దాటాక అందరి పేర్లూ చదివి, తలలు లెక్కపెట్టాను.

"లెక్కెట్టకు మావా," అన్నాడు ఎర్రయ్య. పట్టించుకోలేదు.

తొమ్మిది ఆదివారాలయ్యాక డబ్బా కుమ్మరించాను. 441 ఉండాలి. 432 ఉన్నాయి. పదేసి కుప్పలు పెట్టి మళ్లీ లెక్కించాను. అంతే. సంచిలో మాత్రం సరిగ్గా 189. అంటే రోజుకు ఒకటి చొప్పున తగ్గింది.

సింహాచలాన్ని అనుమానించాను. ఓడలో సరుకుల బాధ్యత అతనిది. పైగా బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీసి, మాటల్లో జేబులో వేసుకోవడం అతని వ్యాపారంలో అలవాటు. ఆడుతున్నంతసేపూ అతని వేళ్లు పిక్కల్లోనే ఉండేవి. డబ్బాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

పదో ఆదివారం అతను రాకముందే లెక్కపెట్టాను. 432. ఆట చివర ఇరవై ఒకటి తీసి, మిగిలినవి అందరి ముందూ లెక్కించాను. 411 ఉండాలి. 410.

"జేబులు సూపించు సింహాచలం," అన్నాను.

అతను ముందు నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి జేబు బయటికి లాగాడు. రైలు టిక్కెట్టు, రెండు లవంగాలు.

"ఆరేళ్ల నుంచి నీ ఓడెక్కుతన్నాను. సింతపిక్కల దొంగతనం సేస్తానేటి బావా?"

"నన్నూ సోదా సేయండి," అంది వరాలు. "కోకకి జేబుల్లేవు గానీ, కొంగు దులుపుతాను సూడండి."

సింహాచలం టీ తాగకుండా లేచిపోయాడు. ప్యాసింజర్‌కు ఇంకా గంటన్నర ఉంది.

ఎర్రయ్య గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "ముందే సెప్పాను కదా మావా. పడవ నీటి మీదుండగా తలకాయలు లెక్కెట్టకూడదు. మాయమ్మ మమ్మల్ని ఒడ్డుకొచ్చినాకే లెక్కెట్టేది. ముందే లెక్కెడితే, నన్నూ కలుపుకోండని ఇంకొకడు ఎక్కుతాడంట."

"ఎక్కినోడు సింతపిక్కలు తింటాడేటి?"

"తినడు. నీళ్లు తాగుతాడు."

తర్వాతి ఆదివారం ముగ్గురమే ఆడాం. సింహాచలం లేకపోతే లెక్క సరిపోతుందని, నా మాట నెగ్గుతుందని ఆడించాను. డబ్బా నా ఒళ్లోనే ఉంది. వాళ్లిద్దరూ ముట్టుకోలేదు. 410లో ఇరవై ఒకటి తీస్తే 389. చివర వరాలు చేత లెక్కపెట్టించాను. 388.

ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆట ఆపి, లెక్క మాత్రం పెట్టాను. మూడుసార్లూ 388. ఓడలో రోజు గడిస్తేనే పిక్క పోతోంది.

ఆ పై వారం ఆమదాలవలస వెళ్లాను. అంతా కాగితం మీద వేసి చూపించి, తప్పు నాదే అన్నాను. సింహాచలం చివరిదాకా చదివాడు.

"లెక్క బాగున్నాది బావా. నేను తియ్యలేదని నేను సెప్తే నమ్మలేదు. డబ్బా సెప్పినాక నమ్మినావు."

కాగితం మడిచి నా జేబులో పెట్టాడు. మళ్లీ మా ఇంటికి రాలేదు.

ఎలుకలను అనుమానించాను, డబ్బా అడుగును అనుమానించాను, చివరికి నా కళ్లనూ అనుమానించాను. ఏదీ నిలవలేదు. ఓడ ఎక్కినవాళ్ల జాబితా ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇరవై ఒక్క పేర్లు, అన్నీ మేం పెట్టినవే.

డబ్బా బీరువా మీద ఉంది. ఇంకో రోజు జరిపితే నీళ్లు తరుగుతాయి, జరపకపోతే ఒడ్డు రాదు. సింహాచలం ఆడే మనిషి ఇంకా ఆ ఓడలోనే ఉన్నాడు. అతను వచ్చి కూర్చోకుండా ఆ మనిషిని ఒడ్డుకు చేర్చే హక్కు నాకు లేదు. పంతొమ్మిది రోజుల దారి మిగిలింది. ఇరవై ఒక్క మందికి 399 కావాలి. ఉన్నవి 388.

ఆ నీళ్లు ఎవరు తాగారో ఈ రోజుకీ చెప్పలేను. బాకీ మాత్రం పదకొండు.