తాండూరు ముడి

మొన్న పొద్దున గుప్పుమని కమురు వాసన వచ్చింది. పాలు మాడాయేమోనని పరుగెత్తితే పొయ్యి మీద గిన్నే లేదు. ముందుగదిలో మా మనవరాలు స్కూలు టై మీద ఇస్త్రీ పెట్టె పెట్టి ఫోను చూసుకుంటోంది. టై కొస మాడిన అప్పడంలా ముడుచుకుపోయింది. ఆ వాసన నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు, వికారాబాదులో, మా ఇల్లంతా అదే వాసన కమ్ముకున్న రోజున నా చదువు ఇక అయిపోయిందనుకున్నాను.

నాయిన నన్ను పట్టుబట్టి ఇంగ్లీషు బడిలో వేశాడు. అక్కడ నీలం టై లేనిదే తరగతిలోకి రానివ్వరు. టై లేక నేను ఇంటికి తిరిగొచ్చిన రోజున అవ్వకు కోపం నషాళానికి ఎక్కింది. అవ్వ అంటే నాయిన తల్లి, ఇంటి పెత్తనమంతా ఆమెదే. "ఆడిపిల్లకు మెడల పలుపేసే సదువేందిర? ఇంకోపాలి ఎనుకకు తోలిన్రంటె బడి బంద్. బర్లెంబడి పోతది" అని, గేదెలు కాయిస్తానని తేల్చేసింది. ఊళ్లో అందరికీ నీతులు చెప్పే నాయిన కందుల బస్తాలు కుట్టే నెపంతో కొట్టంలోకి జారుకున్నాడు.

కందులు అమ్మడానికి తాండూరు గంజుకు, అదే గింజల మార్కెట్టుకు, పోతూ నన్నూ వెంట తీసుకుపోయాడు. నాపబండల దుమ్ము తెల్లగా పేరుకున్న బజారులో, ఒక బట్టల దుకాణం గద్దె మీద, ఒక్క టై కోసం ఒక పూటంతా కూర్చున్నాం. "నైలాన్ పటేలా! నలుగదు, మాయదు, ఇస్త్రీ అక్కరలేదు" అని దుకాణాయన ఒకటే పొగడ్త. నాయిన దాన్ని పిండి, లాగి, వెలుతురుకు పట్టి, కందిగింజ కొరికి చూసే అలవాటు కొద్దీ అంచును కొరికి కూడా చూశాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. తీరా ఎంచింది పెద్ద మగవాళ్లు కట్టుకునే టై! "ఎదిగే పిల్ల. మెట్రిక్ దాక నడుస్తది" అన్నాడు. దుకాణాయన దాన్ని నాయిన మెడలోనే, ధోతీ అంగీల మీదనే ముడివేసి, వదులు చేసి తలమీదుగా తీసి, ముడి మాత్రం ఎప్పుడూ విప్పొద్దని మరీ మరీ చెప్పాడు. నా మెడలో వేస్తే అది మోకాళ్ల దాకా వేలాడింది. మిగిలిందంతా స్కర్టులో దోపుకుంటే కడుపు మీద ఉండలా లేచేది.

ఆనాటి నుంచి ఇంటిల్లిపాదీ దాని చాకిరీయే. చలికాలంలో అది చిటపటలాడుతూ నా వెంట్రుకలను పైకి లేపితే, గాలి సోకిందని అవ్వ దానికి మిరపకాయలతో దిష్టి తీసింది. అమ్మ కలరా ఉండల మధ్య దాచేది, బడికి పోతే నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. బతుకమ్మ పండుగ నాడు రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి చేసే మలీద ముద్ద తిన్న చేత్తో ముట్టుకున్నానో ఏమో, నెయ్యి మరక పడింది. మాయదన్న ఆ మాట నమ్మినందుకు శనగపిండి రుద్దాం, దానికీ పోకపోతే దీపంలో పోసే గ్యాసునూనె రుద్దాం. మరక అక్కడే ఉంది, పైగా నాకు కందిలి దీపం వాసన.

ఒక ఆదివారం పొద్దున అవ్వకు దాన్ని ఉతకాలని బుద్ధి పుట్టింది. "ముడిల మురికుండదా?" అని విప్పి, కుంకుడు రసంలో ముంచి, బండకేసి బాది ఎండలో వేసింది. పేగులా మెలికలు తిరిగిన దాన్ని సాపు చేద్దామని అమ్మ బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఆనించిందో లేదో, వాసన. కొస కరిగి గడ్డకట్టింది. పోనీ ముడన్నా వేద్దామంటే ఎవరికి వచ్చు? అమ్మ జడముడి వేసింది. నాయిన దూడకు వేసే ముడి వేశాడు, నేను తల తిప్పేసరికి గొంతు బిగిసింది. నాకు ఏడుపు, ఒళ్లు మంట కలిసి వచ్చాయి. "కావాల్ననే ఇప్పినవ్! నన్ను బర్ల కాడికి తోలనీకె ఇప్పినవ్!" అని అవ్వ మీద అరిచాను. ఆమె ముందు అట్లా అరిచినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. అవ్వ టైని రొండిన దోపుకుని బయటికి వెళ్లిపోయింది. బావిలో పారేయడానికే పోయిందనుకున్నాం.

పొద్దు గూకే వేళ వీధిలో పిల్లల గోల వినిపించి బయటికి వచ్చాం. స్టేషను దిక్కు నుంచి అవ్వ వస్తోంది. గోచి చీర, చేతుల నిండా పచ్చబొట్లు, మెడలో నీలం టై. వెనకాల కేరింతలు కొడుతూ సగం వీధి పిల్లలు. అవ్వ ఒక్కతే రైలెక్కి తాండూరు పోయి, ఆదివారం దుకాణం మూసి ఉంటే అడుగుతూ అడుగుతూ దుకాణాయన ఇంటికే పోయి, పగటి నిద్రలో ఉన్న మనిషిని లేపి ముడి వేయించుకుందట.

"సంచిల పెడితె ముడి ఊడిపోతదని మెడలేసుకొనొచ్చిన. రైల్ల ఒక్కొక్కడు పండ్లికిలిచ్చుడే!" అని కసురుతూ, తలమీదుగా తీసి నా మెడలో వేసింది. "ఇగ సదువకుంటె సూడు, గిదే పలుపుతోని నిన్ను బర్ల కాడ కట్టేస్త."

మెట్రిక్ దాకా ఆ ముడి విప్పలేదు. మాడిన కొస స్కర్టులో ఉండిపోయేది కాబట్టి బడిలో ఎవరూ చూడలేదు. నాయిన కొన్న ఆ దిక్కుమాలిన కొలత అట్లా అక్కరకొచ్చింది. ఆ తర్వాత అవ్వ దాన్ని నిజంగానే దూడకు కట్టింది. అది తెగనూ లేదు, నలగనూ లేదు.

ఆ దుకాణం ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మాడిన టై చూసి నేను అరవడం మొదలుపెట్టేలోపే, "కొత్తది ఆర్డర్ పెట్టేశా నానమ్మా" అంది మనవరాలు. దానికి ముడి కుట్టే వస్తుందట, వెనక కొక్కెం. విప్పడానికేమీ లేదు. అవ్వ ఉంటే మాత్రం ఏదో ఒక కుట్టు పట్టుకుని విప్పే ఉండేది, లోపల మురికి ఉండదా అని. మళ్లీ ఒక్కసారి ఆమె మీద గట్టిగా అరవాలనిపించింది.