పుదీనా మీద నేను పుట్టించిన మాట

ముందే చెప్పేస్తాను. గోరంత కనిపిస్తే కొండంత చెప్పే జబ్బు నాది. మా ఆవిడ అప్పడం విరిస్తే శామీర్‌పేటలో పిడుగు పడిందనే రకం. నలుగురు నవ్వుతారు, నాకదే తిండి. కానీ కరోనా నాటి నుంచి గుండె మీద ఒక బండ ఉంది. ఎంత బరువంటే... చూశారా, మళ్లీ మొదలుపెట్టాను. బరువుంది, అంతే. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా ఇంటి వెనక పాత రాతి గోదాము. అందులో ఆకుముక్కు గబ్బిలాలు ఉండేవి. అరచేతిలో పట్టే ప్రాణి. ముక్కు మీద మాత్రం తమలపాకు మడిచి అతికించినట్టు చర్మపు మడతలు. లక్ష ఉన్నాయని చెప్పేవాణ్ని. నిజానికి గోదాము పైకప్పులో సగం నిండేవి. పొద్దుగూకి అవి మేతకెళ్లాక, పక్క చెలక కౌలుకు చేసే ఖాసిం భాయి వాటి పెంట ఊడ్చి, తట్టకెత్తి, తన పుదీనా మడికి వేసేవాడు. వాళ్ల బాపు నేర్పిన పద్ధతి. గబ్బిలాలు పిల్లలు పెట్టిన నెలల్లో ఆ గడప తొక్కేవాడు కాదు. ఆ పుదీనా వాసనకు మేడ్చల్ బస్సులు ఆగేవి. సరే, ఆగేవి కావు. ఆడవాళ్లు మాత్రం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

ఆ కరోనా రోజుల్లోనే చాయ్ బండి దగ్గర నవ్వులకు ఒక మాటన్నాను. "గబ్బిలాల పెంటేసిన పుదీనా తింటే రోగమొస్తదని పెద్ద డాక్టరు చెప్పిండట."

మాట పాకిపోయింది. పుదీనా కట్టలు ఖాసిం తోపుడుబండి మీదే వాడిపోయాయి. ఖాసిం మా గేటు దగ్గరికి వచ్చాడు.

"భాయ్, మీకు మస్తు మంది ఎరుక. గీ ముచ్చట ఎవరు లేపిండ్రో జర కనుక్కోండి."

"ఎవడో పనిలేనోడు నవ్వులాటకు అన్నట్టున్నడు, ఖాసిం భాయ్."

"నవ్వులాటకైతే నవ్వి ఊకుందురు గదా. గిది భయపెట్టనీకే లేపిండ్రు."

మాస్కు పైన కళ్లు నన్నే చూస్తున్నాయి. వాటిలో ఏముంది? అనుమానమా? తెలిసిపోయిందా?

గిరాకీ తిరిగొస్తుందేమోనని, పిల్లతల్లుల కాలమని తెలిసి కూడా, ఖాసిం తనే ఆ గోదాము గడపలో ఎండుమిరపకాయల పొగ పెట్టాడు. అందరూ చూడాలని పట్టపగలే పెట్టాడు. దిక్కుతోచక ఎండలోకి వచ్చిన గబ్బిలాలను కాకులు తన్నుకుపోయాయి. తల్లుల పొట్టలకు పిల్లలు అంటుకునే ఉన్నాయి. నేను మేడ మీద నిలబడి చూశాను. మిగిలినవి మళ్లీ రాలేదు. గిరాకీ కూడా రాలేదు. ఖాసిం కౌలు వదిలేశాడు. ఇప్పుడు అత్వెల్లి వైపు ఒక ఫంక్షన్ హాలు గేటు కాస్తున్నాడు.

రంజాన్‌కు ఇప్పటికీ మా ఇంటికి షీర్‌ఖుర్మా పంపిస్తాడు. నేను మూత తీసి వాసన చూస్తాను. ఎందుకు పంపుతున్నాడు? స్నేహమా, పరీక్షా? పోయినసారి జీడిపప్పు ఎక్కువ పడింది. దాన్నీ అనుమానించాను. ఎదురుపడితే సలాం పెడతాడు. తెలిసే పెడుతున్నాడా, తెలియకనా? రెండింటిలో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోతున్నాను.

ఇందులో నేను కల్పించింది ఏదో కూడా చెప్పేస్తే ఊపిరాడుతుంది. లక్ష గబ్బిలాలు, ఆగిన బస్సులు మీరు ఎలాగూ నమ్మలేదు. నవ్వులకు అన్నానని రాశానే, అదీ కల్పించింది. ఆ రోజు నేను నవ్వలేదు. గోదాము కంపు మా కొత్త పడకగదిలోకి వస్తోందని, ఆ గబ్బిలాలు పోవాలని, గొంతు తగ్గించి ఒక్కొక్కరికీ విడిగా చెప్పాను. జీవితంలో మొదటిసారి ఏదీ పెంచకుండా చెప్పాను. అందుకే నమ్మారు.