అరవై ఎనిమిది శాతంతో అనంతగిరికి

ఎలక్ట్రిక్ బండి విషయంలో నాకు కొన్ని నియమాలున్నాయి. మామూలు రోజుల్లో ఛార్జింగ్ ఎనభై దాటించను. దూరం వెళ్లే ముందురోజు రాత్రి మాత్రమే నూరు నింపుతాను. టైర్లలో గాలి ముందే చూసుకుంటాను. ఎక్కుడులో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పను. వీటిలో ఎక్కడా ఇస్త్రీపెట్టె ప్రస్తావన లేదు. అదే పొరపాటయింది.

మేముండేది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, రెండో అంతస్తులో. కింద పార్కింగ్‌లో ప్లగ్గు లేదు. కిటికీలోంచి పొడుగు వైరు కిందికి వేలాడదీసి, దాని చివర ఛార్జర్ తగిలిస్తాను. గదిలో పనిచేసే సాకెట్ ఒక్కటే. దానికి నేనూ నా రూమ్మేటూ వాటాదారులం.

అతను సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. పొద్దున్నే కృష్ణానగర్ వెళ్లి నిలబడటం, పిలిస్తే గుంపులో నడవటం అతని పని. ఆ వారం మొట్టమొదటిసారి ఒక డైలాగ్ దొరికింది. షూటింగ్ వికారాబాద్ దాటాక, అనంతగిరి కొండల మీద. యూనిట్ బస్సు నిండిపోయిందని, పదింటికల్లా సొంతంగా రమ్మని చెప్పారు. ఆలస్యమైతే డైలాగ్ పక్కవాడికి పోతుంది. అది ఎంత సులువుగా జరుగుతుందో అతనికి తెలుసు. అతనికి దొరికిందీ అలాగే. వికారాబాద్‌లో బస్సు దిగి కొండమీదికి ఆటో వెతుక్కోవడం మీద నమ్మకం లేక నా బండి అడిగాడు. నడపడం రాదు కాబట్టి నన్నూ అడిగినట్టే.

నిండా ఛార్జ్ చేస్తే ఇద్దరం కొండెక్కినా కొంచెం మిగులుతుందని లెక్క వేశాను. తెల్లవారుజామున కిందికి దిగి చూస్తే డిస్‌ప్లే మీద అరవై ఎనిమిది. ఛార్జర్ మీద లైటు లేదు. మళ్లీ పైకెక్కాను. ప్లగ్గు సాకెట్‌లోనే ఉంది. స్విచ్ వేసి లేదు.

"రాత్రి సాకెట్ ముట్టుకున్నావా?"

"షర్టు ఇస్త్రీ చేస్కున్న. మల్ల ప్లగ్గు పెట్టిన గద భాయ్!"

"పెట్టావు. స్విచ్ ఎవరేస్తారు?"

అతను స్విచ్ వంక చాలాసేపు చూశాడు. "నువ్వు జెప్పలే."

తిట్టే ఓపిక కూడా నాకు లేదు. ముందురోజు ఆఫీసులో ఆలస్యమైంది, నిద్ర చాలలేదు. పంజాగుట్ట చేరేలోపు లెక్క మళ్లీ వేసుకున్నాను. బండి ఎకో మోడ్‌లో పెట్టి, నలభై వేగం దాటకుండా వెళ్తూ, దారిలో ఎక్కడైనా కాసేపు ఛార్జ్ చేస్తే కొండ మొదటికి చేరతాం. మెహదీపట్నం దాటాక ఎదురుగాలి మొదలైంది. శాతం నేననుకున్నదానికన్నా తొందరగా పడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే, మావాడు ఆ ఇస్త్రీ చొక్కాను హ్యాంగర్‌తో సహా చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. అది గాలికి ఉబ్బి, మమ్మల్ని వెనక్కి లాగుతోంది.

"దాన్ని మడిచి లోపల పెట్టు."

"నలుగుతది."

"బండి ఆగితే?"

మడవలేదు. చొక్కాను మా ఇద్దరి మధ్య నిలువుగా ఇరికించాడు. చేవెళ్ల రోడ్డు పొడవునా హ్యాంగర్ కొక్కెం నా మెడకు గుచ్చుకుంటూనే ఉంది. ఒక ఆటో అతను పక్కకొచ్చి, "ఏంది అన్నా, బండి నడుపుతున్నవా, బండితోని నడుస్తున్నవా?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

డైలాగ్ ఇది: "అయ్యగారూ, ఆ కారు ఇటే వస్తోందండీ!" బంగళా గేటు దగ్గర పనివాడు చెప్పే మాట. మాది గోదావరి వైపు కాబట్టి దిద్దే పని నా మీద పడింది.

"అయ్యగారూ, గా కారు గిటే వస్తుందండి."

"గా కాదు, ఆ. వస్తోందండీ. చివర సాగదియ్యి."

"సాగదీస్తే ఛార్జింగ్ అయిపోదా?"

చేవెళ్ల దాటాక ఒక టిఫిన్ హోటల్లో ప్లగ్గు అడిగాను. "ఇడ్లీ తినేదాంక పెట్టుకోండ్రి, గంటలు గంటలు గాదు" అన్నాడు యజమాని. నెమ్మదిగా నమలమని మావాడికి చెప్పాను. ఇద్దరం ఎంత సాగదీసి తిన్నా ఆరు శాతమే ఎక్కింది.

కొండ మొదట్లో పదహారు మిగిలింది. అంత తక్కువలో ఇద్దరి బరువుతో ఎక్కుడు ఎక్కితే, మోటారు లాగే కరెంటుకు బ్యాటరీ వోల్టేజ్ పడిపోతుంది. డిస్‌ప్లే మీద శాతం కనిపిస్తూనే ఉంటుంది, బండి ఆగిపోతుంది. బరువు తగ్గించడం ఒక్కటే దారి.

"దిగు," అన్నాను.

"నడుస్తే లేటయితది భాయ్."

"బండి ఆగితే ఇద్దరం తోసుకుంటూ నడవాలి. అప్పుడు ఇంకా లేటు."

నిటారు ఎక్కుడులన్నీ అతను నడిచాడు, చదునుగా ఉన్నచోట ఎక్కాడు. నేను ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఎదురుచూస్తూ, హ్యాండిల్ మీద తల వాల్చేవాణ్ణి. కింద చెట్ల మధ్య నుంచి ముందు డైలాగ్ వచ్చేది, తర్వాత రొప్పు, ఆ తర్వాత మనిషి. చివరి మలుపు దగ్గర "వస్తోందండీ" అన్న మాట ఏ తప్పూ లేకుండా వచ్చింది. మా ఇంట్లోవాళ్లు కూడా అంత బాగా అనరు.

పదికి ముందే చేరాం. కాస్ట్యూమ్ వాళ్లు ఇస్త్రీ చొక్కా విప్పించి, పనివాడికి ఇదే బాగుంటుందని నలిగిన ఖాకీ చొక్కా ఇచ్చారు. షాట్ మధ్యాహ్నం తర్వాతెప్పుడో వచ్చింది. అప్పటిదాకా నేను జనరేటర్ వ్యాన్ పక్కన కూర్చుని, లైట్లు వెలిగించినప్పుడల్లా వాళ్లు పీకేసే నా ప్లగ్గును మళ్లీ మళ్లీ పెట్టుకున్నాను. ప్రతిసారీ స్విచ్ చూసుకున్నాను.

మొదటి టేక్‌లోనే చెప్పాడు. లైట్లకు పట్టిన గొడుగుల వెనక నిలబడ్డ నాకు ప్రతి అక్షరం వినిపించింది.

"ఓకే," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్. "పెదాలు బాగా కదిలాయి. గొంతు వేరేవాళ్లతో చెప్పిస్తాం."

"సార్, డబ్బింగ్ సుత నేనే జెప్త సార్."

"చూద్దాంలే, వెళ్లమ్మా."

దిగుడులో బ్రేకు పట్టినప్పుడల్లా బ్యాటరీకి కాస్త కరెంటు తిరిగొస్తుంది. మామూలుగా అయితే ఆ సంగతి అతనికి వివరించేవాణ్ణి. ఆ రోజు ఊరికే బ్రేకు పడుతూ దిగాను. చొక్కా మడతపెట్టి బ్యాగులో కుక్కేశాడు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి నాలుగు శాతం ఉంది. నేను అడగకముందే దిగాడు.

"నువ్వు పో భాయ్, నేను నడుస్త."

నాలుగు సరిపోతాయని చెప్పలేదు. బండి ఆపేసి, పక్కన తోసుకుంటూ నేనూ నడిచాను.

ఇంటికొచ్చాక అతను పైకెళ్లి కిటికీలోంచి వైరు వదిలాడు. నేను ఛార్జర్ తగిలించాను.

"స్విచ్ ఏసిన. కరెంటు వస్తుందా?" పైనుంచి అరిచాడు.

ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగింది. "వస్తోందండీ," అన్నాను.



"గట్ల గాదు భాయ్. చివర్ల జర సాగదియ్యాలె," అని, కిటికీలోంచి తల బయటపెట్టి తనే ఒకసారి చెప్పి చూపించాడు.