నేను తిప్పి పెట్టని క్యూబులు

ఓర్వలేనితనం నాకు కొత్త కాదు. మా వీధిలో ఎవరైనా టీవీ కొంటే ఆ వారం నాకు సరిగా నిద్రపట్టేది కాదు. కానీ ఒక మనిషి పనితనం చూసి కుళ్ళుకోవడం మాత్రం ఆ ప్లాంటులోనే నేర్చుకున్నాను.

హోసూరు బయట, కాంక్రీటు కలిపి లారీల్లో సైట్లకు పంపే ప్లాంటు అది. అందులో నా పని క్యూబులు పగలగొట్టడం. చదరపు ఇనుప అచ్చుల్లో కాంక్రీటు పోస్తాం. మర్నాడు అచ్చు విప్పి, ఆ దిమ్మెను నీళ్ళ తొట్టిలో ఇరవై ఎనిమిది రోజులు ఉంచుతాం. తర్వాత ప్రెస్సులో పెట్టి నొక్కితే, ఎంత బరువుకు పగిలిందో ముల్లు చూపిస్తుంది. ఆ అంకె బుక్కులో రాసేది నేను. యజమాని చూసేది ఆ బుక్కే. కాంక్రీటులో ఏది ఎంత కలపాలో చెప్పేదీ నేనే కాబట్టి, సైట్లలో మేస్త్రీలు నన్ను 'మిక్స్ సార్' అని పిలిచేవాళ్ళు. పక్కనే మత్తిగిరిలో పుట్టి ఐటీఐ చదివిన నాలాంటివాడికి ఆ పిలుపు చాలు, ఇంకేం అక్కర్లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక అమ్మాయి ల్యాబులో చేరింది. సామల్పట్టి వైపు గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. క్రిష్ణగిరిలో కెమిస్ట్రీ చదువుకుంది. ప్లాంటులో అందరూ అరవం మాట్లాడుతుంటే నా నోట తెలుగు విని, "మీరూ మనోళ్ళేనా అన్నా" అని సంబరపడింది. నేనూ సంబరపడ్డాను. అది రెండు వారాలు కూడా నిలవలేదు.

ఆమెకు ఒకటే ధ్యాస. సిమెంటులో మూడో వంతు తీసేసి, దాని బదులు కరెంటు కేంద్రం నుంచి వచ్చే బొగ్గు బూడిద, కొంచెం కాల్చని సున్నపురాయి పొడి కలపాలి. నీళ్ళు తగ్గించాలి.

"సిమెంటు కోసం సున్నపురాయి కాలిస్తే ఎంత పొగ పోతుందో తెలుసా అన్నా? సిమెంటు తగ్గిస్తే ఆ పొగా తగ్గతాది."

"పొగ సంగతి మనకేలమ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"నాకు పుట్టిందిలే అన్నా దురద," అని నవ్వి, మళ్ళీ బూడిద జల్లించుకుంటూ కూర్చుంది. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని నేను డ్రైవర్ల దగ్గర ఎగతాళి చేశాను. వాళ్ళు నవ్వారు కూడా.

నా మిక్సుకు ఒక జబ్బు ఉండేది. బెంగళూరు దారిలో లారీ ఇరుక్కుంటే సైటు చేరేసరికి కాంక్రీటు బిగుసుకునేది. డ్రైవర్లు దొంగచాటుగా నీళ్ళు పోసేవాళ్ళు. ఒకరోజు ఆమె మిక్సు ఒక లారీ పంపి చూశాం. సాయంత్రం మేస్త్రీ ఫోన్ చేశాడు.

"ఈ సరుకు బాగుందప్పా. తాపీ పెడితే చాలు, దానంతటదే సర్దుకుంటాది. ఎవరు కలిపినారు?"

నేనే అని నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన ఆమె నిలబడి ఉంది కాబట్టి ఆమె పేరు చెప్పాల్సి వచ్చింది. ఆ పూట ఇంట్లో సంగటి ముద్ద ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఒంట్లో బాగాలేదా అని నా భార్య అడిగింది. పక్క టేబులు పిల్ల బాగా పనిచేస్తోంది, అందుకే కడుపు మండుతోంది అని ఎలా చెప్పేది?

అంతలో ఇంజను భాగాలు చేసే ఒక ఫ్యాక్టరీ నుంచి నేల వేసే పెద్ద పని వచ్చింది. ఇద్దరి మిక్సులూ పోయండి, ఇరవై ఎనిమిదో రోజుకు ఏది గట్టిగా ఉంటే అది పంపుదాం అన్నాడు యజమాని. మామూలుగా అన్నాడు గానీ, ఓడిపోతే ఇక 'మిక్స్ సార్' ఎవరో నాకు తెలుసు.

ఇరవై ఎనిమిదో రోజున ఆమె డిగ్రీ సర్టిఫికేటు తెచ్చుకోవడానికి క్రిష్ణగిరి పోయింది. ల్యాబులో నేనొక్కడినే.

అచ్చులో పోసినప్పుడు క్యూబుకు పైన ఉండే మొహం తాపీతో చదును చేసిందే. ఎంత చదును చేసినా కంటికి ఆనని ఎత్తుపల్లాలుంటాయి. అందుకే క్యూబును పక్కకు తిప్పి, అచ్చు తగిలిన నున్నని మొహాలు ప్రెస్సు పలకలకు ఆనేట్టు పెట్టాలి. లేకపోతే తక్కువ బరువుకే పగిలిపోతుంది. కొత్తవాళ్ళకు మొదటి రోజు నేర్పే సంగతి ఇది. నా మూడు క్యూబులూ తిప్పి పెట్టాను. ఆమెవి తిప్పలేదు.

నావి నలభై మూడు. ఆమెవి ముప్పై ఏడు. కుదురైన అక్షరాలతో రాశాను.

మర్నాడు ఆమె మైసూరుపాకు పొట్లంతో వచ్చింది. బుక్కు చూసి, "యాడనో నేనే తప్పు చేసినానన్నా" అంది. నేను మైసూరుపాకు తిన్నాను. ఆమె ల్యాబు వెనక పారేసిన ముక్కల దగ్గరికి పోయి, చాలాసేపటికి ఒక ముక్క తెచ్చి నా టేబులు మీద పెట్టింది. క్యూబు నంబరు మేము పై మొహం మీదే రాస్తాం. సరిగ్గా పెట్టి నొక్కితే ఆ మొహం పక్కకు వచ్చి, పెచ్చులై రాలిపోతుంది. ఆ ముక్క మీద నంబరు రాసింది రాసినట్టే ఉంది.

"నంబరు చెదరలేదన్నా."

"ఒక్కోసారి అట్లా ఉంటాదమ్మా," అన్నాను.

ఆమె ముక్కను అక్కడే వదిలి తన టేబులుకు పోయింది. యజమానికి చెప్పలేదు. ఫ్యాక్టరీ నేలకు నా మిక్సే పోయింది. గెలిచిన సంతోషం రాలేదు, ఆమె మౌనం మీద ఇంకాస్త కోపం వచ్చింది.

అదే మిక్సుతో అప్పుడే పోసిన ఇంకో మూడు క్యూబులు యాభై ఆరో రోజుకని ఆమె తొట్టిలోనే ఉంచింది. ఆ రోజు వాటిని తుడిచి ప్రెస్సు పక్కన పెట్టి, "మీరే పెట్టండన్నా" అని బయటికి పోయింది. తలుపు కూడా దగ్గరికి వేసింది. మళ్ళీ అదే పని చెయ్యాలని నాకు ఎంత అనిపించిందో ఇప్పుడు దాచను. చెయ్యలేదు. మంచితనం కాదు, భయం. తిప్పి పెట్టాను. ముల్లు నలభై దాటింది. నా నలభై మూడూ దాటింది. పగులు, పగులు అనుకుంటూ నిలబడ్డాను. నలభై తొమ్మిదికి గానీ పగల్లేదు.

"అప్పుడు ముప్పై ఏడే గదా, ఇంత ఎట్లా పెరిగింది?" అని యజమాని ఆశ్చర్యపోయాడు.

"బూడిద సార్, మెల్లగా గట్టిపడుతుంది," అని ఆమెకన్నా ముందు నేనే చెప్పాను. అది నిజమే. బూడిద కలిపితే అలాగే గట్టిపడుతుంది. నా అబద్ధాన్ని కప్పడానికి ఆమె బూడిదలోని నిజమే నాకు పనికొచ్చింది. ఆమె నావైపు ఒకసారి చూసి, "అవును సార్," అంది.

తర్వాతి పనులన్నిటికీ ఆమె మిక్సే పోయింది. ఏడాది తిరిగేసరికి ల్యాబు ఆమె చేతికొచ్చింది. ప్రెస్సు నా దగ్గరే ఉంచింది. ఎందుకు తీసెయ్యలేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఈర్ష్య మాత్రం పోలేదు. ఆమెను 'మేడం' అని పిలిచిన ప్రతిసారీ పళ్ళ మధ్య ఇసుక పడ్డట్టుండేది.

కొత్తగా ఎవరు చేరినా ఆమే కూర్చోబెట్టి పని నేర్పేది. నేను అక్కడే ప్రెస్సు తుడుస్తూ ఉండేవాడిని. నావైపు చూసేది కాదు, గొంతు తగ్గించేదీ కాదు.

"బుక్కులో అంకె తర్వాత చూడండి. ముందు పోయి ముక్కలు చూడండి."