పరగడుపునా, తిన్నాకా?

2020 మే, ఆదివారం సాయంత్రం, జర్మనీలోని ఆకెన్. హాజరు: నేను, నా భార్య, మా అమ్మాయి, ఆరేళ్ల మనవరాలు. అల్లుడు తను ఉద్యోగం చేసే ఊరు వాల్డార్ఫ్‌లో ఉండిపోయాడు.

విమానాలు ఆగిపోయి మేమిద్దరం కూతురింట్లో చిక్కుకున్న రోజులవి. నా భార్య బన్నులు చేద్దామంటే షాపుల్లో ఎక్కడా హెఫె, అదే ఈస్టు, దొరకలేదు. ఊళ్లో ఈస్టంతా నీ ల్యాబ్‌లోనే ఉన్నట్టుందే అని కూతుర్ని ఆటపట్టించింది. అమ్మాయి నవ్వలేదు.

అమ్మాయి పీహెచ్‌డీ ఈస్టు మీదే. ఒక క్యాన్సర్ మందు దాని జన్యువులను ఎంత దెబ్బతీస్తుందో చూస్తోంది. చక్కెర తిని పులిసే ఈస్టుకూ, గ్లిజరాల్ తిని ఊపిరి పీల్చుకుంటూ బతికే ఈస్టుకూ ఒకే మందు, ఒకే మోతాదు. తరువాత రెండింటినీ పళ్లేల్లో పెంచితే, జన్యువు దెబ్బతిన్నచోట తెల్లని చుక్కలో ఎర్రని చార కనిపిస్తుందట. మొదటిసారి చక్కెర ఈస్టులో ఎర్రచారలు చాలా ఎక్కువ వచ్చాయి. సీసాలు తారుమారు చేసి ఉంటావని ప్రొఫెసరమ్మ అనుమానించింది. మళ్లీ అదే ఫలితం వస్తేనే థీసిస్‌లోకి ఎక్కుతుంది. ఆ రెండోసారి పళ్లేలే ల్యాబ్‌లో పెరుగుతున్నాయి. వంతులవారీగా లోపలికి రానిస్తున్నారు కనుక, సోమవారం ఉదయం దాకా చూసే వీలు లేదు.

నా భార్య రోజూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునే మనిషి. అంతా విని అడిగింది.

"మరి ఆ మందు పరగడుపునా, తిన్నాకా?"

అమ్మాయి అప్పుడు నవ్వింది. "అమ్మా, నా థీసిస్ అంతా అదే. ఇంత సింపుల్‌గా చెప్పడం నాకే రాలేదు."

రెండూ తిన్నవే, తిండే వేరు అని నేను సవరించబోయాను. "మీరు ఊరుకోండి, దానికి అర్థమైందిగా" అంది నా భార్య. మనవరాలు "ఆర్మె హెఫె, ఆర్మె హెఫె" అని ఈస్టు మీద జాలిపడుతూ, కాస్త పంచదార పొట్లం కట్టి తల్లి సంచిలో పెట్టింది.

మరునాడు ఉదయం అమ్మాయి సైకిల్ మీద వెళ్లింది. నా భార్య మాత్ర వేసుకుని, కాఫీ వేళ దాటినా ఫోను ముందు నుంచి లేవలేదు. చివరికి వీడియో కాల్ వచ్చింది. అమ్మాయి మాస్కు పైన కళ్లు వెలుగుతున్నాయి. ఒక పళ్లెం నిండా ఎర్రచారలు, రెండోదానిలో వెతికితే గాని కనబడవు.

"సీసాలు మారలేదు నాన్నా. ఈసారి ముందే రంగు టేపులు అంటించా. చక్కెర తిన్నవాటికే దెబ్బ ఎక్కువ. పంచదార పంపొద్దని మీ మనవరాలికి చెప్పండి."

నా భార్య లేచి కాఫీ కలిపింది.

"పరగడుపునే మంచి కబురు విన్నాను. ఇక తాగొచ్చు."