కార్తెలు తలకిందులైన నేల

తుపాను మా కొబ్బరితోటను నేలమట్టం చేసిన ఏడాది అన్నా నేనూ నాటాల్‌కు ఓడెక్కాం. నౌపడ స్టేషను దగ్గర కూలీలను పోగుచేసే మేస్త్రీ, "ఆఫ్రికా అంటే బయపడకండి బావూ. అదీ సముద్రపొడ్డే. అచ్చం మన ఉద్దానంలాగే ఉంటాది," అన్నాడు. అన్న నమ్మాడు. పెళ్లయి ఏడాదైనా నిండని వదినను అమ్మ దగ్గర వదిలి, చోడి, అదే రాగి, విత్తనాలు మూటగట్టుకుని బయలుదేరాడు.

సముద్రం ఉన్నమాట నిజమే. అక్కడా పొద్దు నీళ్లలోంచే పైకొచ్చేది. కానీ ఒడ్డు దాటగానే కొండలు. ఒకటి ఎక్కితే దాని వెనక ఇంకా ఎత్తయినది. వాటి వాలు నిండా చెరకు. వరి మడి కట్టుకోవడానికి చదునైన నేల చారెడు కనబడలేదు. ఆ చెరకు నరుకుతూ అయిదేళ్లు బతికాం.

అన్నను కుంగదీసింది చాకిరీ కాదు, అక్కడి కాలం. మృగశిర కార్తె రాగానే గుడిసె పక్కన చోడి చల్లాడు. మనకు తొలకరి పడే రోజులు అక్కడ చలికాలం. వాన చుక్క రాలదు. కడవలతో నీళ్లు మోసి మొలిపిస్తే చలిగాలికి మొలకలు కమిలిపోయాయి.

"ఇదేటి దేశంరా తమ్మూ, కార్తెలు కూడా అబద్దమాడతన్నాయి," అన్నాడు.

మా ఊళ్లో నూర్పులు సాగే పుష్యమాసంలో అక్కడ కుండపోత.

కూలి ఒప్పందం అయిదేళ్ల గడువు తీరాక ఊరికి వచ్చేయవలసింది. ఏటి పక్కన ఇసుకమేట చూసి అన్న ఆగిపోయాడు. "మనూరి ఇసకేరా ఇది. నాలుగు కాపులు తీసి మీ వొదిన్ని తెచ్చీసుకుంటాను," అన్నాడు. దాన్ని కౌలుకు తీసుకుని, పాక వేసి, మిరప నాటాడు.

అటుగా పశువులు తోలుకెళ్లే ఆ దేశపు ముసలాయన ఒకరోజు మా పాక చూసి తల అడ్డంగా ఊపాడు. అతని భాష మాకు అంతంతమాత్రం. ముందు ఏటిని చూపించాడు. తరవాత గట్టుమీది చెట్టు కొమ్మల్లో, రెండు నిలువుల ఎత్తున చిక్కుకున్న ఎండు రెల్లును చూపించాడు.

"పిట్టగూడు సూపిత్తన్నాడు," అని అన్న నవ్వాడు.

గూడు కాదని నాకు తెలిసింది. "అన్నా, నీళ్లు అంతెత్తు వచ్చినట్టున్నాయి," అన్నాను.

"నీకేటి తెల్సు? నోరుముయ్యి."

మూసుకున్నాను. ఆ తప్పు నాది.

ఆ పుష్యంలోనే పై కొండల్లో మూడు రోజులు వాన. మా దగ్గర ఎండ. మూడోనాటి మధ్యాహ్నం బజారులో మిరపకాయలు అమ్మి తిరిగొచ్చేసరికి మేట లేదు, తోట లేదు. ఎర్రటి నీళ్లలో మాన్లు దొర్లుతున్నాయి. అన్న పాక కప్పుమీద ఉన్నాడు. ఏదో అరిచాడు; ఆ హోరులో వినపడలేదు. కప్పు ఒకసారి గిర్రున తిరిగి సముద్రం వైపు సాగిపోయింది. నాలుగు రోజులు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వెతికాను. ఏమీ దొరకలేదు.

ఒక్కణ్ణే ఊరు చేరాను. వదిన ఏడవలేదు. "ఆ ఏరు మన వంశధారంతుంటాదా మరిదీ?" అని అడిగింది.

"లేదొదినా. మామూలప్పుడు మోకాల్లోతే."

"మోకాల్లోతా!" అని గోడకు చేరగిలబడింది.

నెల తిరక్కుండానే పెద్దలు ఆమెను నిమ్మాడలోని పుట్టింటికి పంపేశారు. పిల్లలు లేరు కనుక, తుపానుకు మిగిలిన మా జీడితోటలో అన్న వాటా కూడా నాకే వచ్చింది. ఊళ్లో అందరూ నన్ను అదృష్టవంతుడన్నారు. నేను కాదనలేదు, ఏటేటా ఆ కాపు కోసుకుంటూనే ఉన్నాను.